తోక కోసే సారు

పుట్టగొడుగుల సారు పోయాడు. పొద్దున కళ్లు తెరిచేసరికి వాట్సాప్ గ్రూపు నిండా దండాలే. ఆయన దగ్గర శిక్షణ తీసుకున్న టీచర్లు, లెక్చరర్లు, పొదుపు సంఘాల ఆడవాళ్లు, అందరూ ఒకరిని చూసి ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. మధ్యాహ్నానికి బొమ్మలు చాలక మాటలకు దిగారు. శిలీంధ్ర శాస్త్ర శిఖరం కూలిపోయిందట. సీమ ఒక మేధావిని పోగొట్టుకుందట. వీటన్నిటినీ ఓర్చుకున్నాను గానీ ఒక్కటి చదివి ఒళ్లు మండిపోయింది. బేతంచెర్ల పక్కన ఏదో పల్లెలో, చర్చి పండుగ నాడు, విషపు పుట్టగొడుగులను కంటిచూపుతోనే కనిపెట్టి ఊరి ప్రాణాలు కాపాడిన మహనీయుడట!

ఆ ‘ఏదో పల్లె’ మా అమ్మ పుట్టిల్లు. ఆ పండుగకు నేనూ ఉన్నాను. ఆ నాటి పుట్టగొడుగుల కూర వండింది పరాయివాళ్లెవరో కాదు, మా మేనమామ భార్య, నన్ను ఎత్తుకొని పెంచిన అత్త. ఊరిని కాపాడిన ఈ కథను కట్టింది కూడా సారే. ఆ తర్వాతి శిక్షణలోనే తెర మీద బొమ్మలేసి చెప్పుకున్నాడని విన్నాను.

సంతాప సంచిక వేస్తున్నారు, రెండు పేజీలు రాసివ్వమని అడిగారు. “పోయినాయన కదా మేడం, మంచి మాటలు రాయండి” అని కూడా అన్నారు. మంచి మాటలు రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను కడపలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పుకుని బతికేదాన్ని. చూసింది చూసినట్టు రాయమని పిల్లలకు చెప్పి, నేను ఇంకోలా రాస్తే ఏం బాగుంటుంది?

సారుది తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఎర్రమన్ను నేలలో తెల్ల ప్యాంటు వేసుకొని పుట్టగొడుగుల కోసం తిరిగే మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. తిరిగే మనిషి అనడం కూడా ఎక్కువే. ఆయన నిలబడేవాడు. వంగి, వెతికి, తెచ్చివ్వడానికి శిక్షణకు పోయిన మేముండేవాళ్లం. తెచ్చినదాన్ని గొడుగు దగ్గర రెండు వేళ్లతో పట్టుకునేవాడు. చొక్కా జేబులోంచి చిన్న మడత కత్తి తీసి, కాడ అడుగున మన్నంటిన భాగాన్ని కోసి అవతల పారేసేవాడు. జేబురుమాలుతో కాడ తుడిచేవాడు. అప్పుడు వెలుతురుకెత్తి, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఆగి, తీర్పు చెప్పేవాడు. “తినదగినది.” లేదా, “తినదగనిది.” మూడో మాట ఆయన నోట నేను వినలేదు.

పుట్టగొడుగుల సంగతి తెలియని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. మనవైపు వానలకు పుట్టల మీద లేచే అసలు పుట్టగొడుగు కాడ నేల దగ్గరే ఆగిపోదు. సన్నబడుతూ, తోకలాగా, మన్నులోకి చాలా లోతుకు, చెదల గూటిదాకా పోతుంది. పైన చూస్తే అచ్చం దానిలాగే తెల్లగా, బొద్దుగా ఉండి, గడ్డిలో మొలిచే విషపుదానికి ఆ తోక ఉండదు, కాడకు ఉంగరంలాంటి పొర ఉంటుంది, గొడుగు కింది రేకుల నుంచి ఆకుపచ్చ పొడి రాలుతుంది. అందుకే దేన్నైనా పెరక్కూడదు, కోయకూడదు, మెల్లగా తవ్వి తీయాలి. తోక చూడాలి, కాడకు ఉంగరం ఉందా చూడాలి, గొడుగు కింది రేకుల రంగు చూడాలి, యాడ మొలిచిందో అడగాలి, రాత్రంతా కాగితం మీద బోర్లించి రాలిన పొడి ఏ రంగో చూడాలి. ఇన్నీ చూశాక కూడా ఇంకా అనుమానముంటే నోట్లో పెట్టుకోకూడదు. ఇదీ మొదటి పాఠం. సారు తీర్పు మొదలయ్యేదే ఆ మొదటి పాఠాన్ని కోసి పారేయడంతో. హత్య జరిగిన ఇంటికొచ్చిన పోలీసాయన ముందు నేల కడిగించి, ఇప్పుడు చెప్పండమ్మా ఏం జరిగిందో అన్నట్టుండేది.

ఇక ఆయన పంచిపెట్టిన శిక్షణ పుస్తకం! దాన్ని ఎవరైనా భద్రపరిచి ఉంటే ఒకసారి తెరిచి చూడండి. అట్ట మీద ఎర్రటి గొడుగు, దాని మీద తెల్లటి చుక్కలు. పిల్లల బొమ్మల్లో తప్ప మన కర్నూలు, కడప జిల్లాల్లో అది కనబడితే నాకు కబురు పెట్టండి, నడిచి వస్తాను. లోపల పేజీలన్నీ ఏదో చలిదేశపు పుస్తకంలోంచి దించినవే. “మంచు కరిగిన తరువాత పైన్ వృక్షముల కింద అన్వేషించవలెను” అని ఉంటుంది ఒకచోట. నాపరాళ్ల గనుల్లో పనికిపోయే ఆడవాళ్లు దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఒకామె చెయ్యెత్తి అడిగింది కూడా.

“సారూ, మంచంటే ఫ్రిజ్జులో ఉండేదే కదా? మా దిక్కు యాడ కరుగుతాది?”

“సూత్రం గుర్తు పెట్టుకోమ్మా, ఊరు ముఖ్యం కాదు” అన్నాడు సారు.

అహోబిలం కొండ దారిలో ఒకసారి క్షేత్ర పర్యటన పెట్టాడు. ఆ వారమంతా వాన. దారి పక్క పుట్ట ఒకటి తెల్లటి గొడుగులతో విచ్చుకుని ఉంది. అంత నిండుగా పూసిన పుట్టను నేనెప్పుడూ చూడలేదు. సారు కూడా ఆగిపోయాడు. నిజం చెప్పాలి కదా, ఆ కాసేపు ఆయన మొహంలో శిక్షకుడు లేడు. నోరు కొంచెం తెరుచుకుని, కళ్లద్దాల మీద వాన చినుకులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద ఇష్టం కలగబోయింది. ఈలోగా నేను ఒక పుల్ల తీసుకుని, కూర్చుని, ఒకదాన్ని మొదలంటా తవ్వి, జానెడు తోకతో సహా పైకి తీసి అందరికీ చూపించాను. సారు దగ్గరకొచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

“ఆ మన్నెందుకమ్మా? ఫోటోకు బాగుండదు.”

కత్తి తీశాడు. తోక దారిలో పడింది. ఆయన మిగిలినదాన్ని పట్టుకుని ఫోటో దిగాడు. ఇప్పుడు సంతాప సందేశాల్లో అందరూ పంపుకుంటున్న ఫోటో అదే.

ఆ రాత్రి సత్రంలో ఒక గొడుగును గాజు పలక మీద బోర్లించి, గిన్నె మూసిపెట్టాను. పొద్దునకు పొడి రాలింది, రేకుల గీతలన్నీ ముగ్గు పెట్టినట్టు పడ్డాయి. క్లాసులో చూపిద్దామని బల్ల మీద పెట్టాను. సారు వచ్చీరాగానే, “ఎవరమ్మా, గాజు మీద ఇంత దుమ్ము?” అని రుమాలుతో శుభ్రంగా తుడిచేశాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు, ఆయనతో పాటే. నేను నవ్వలేదు. “అది దుమ్ము కాదు సార్, దాన్ని చూసే దేన్నైనా గుర్తుపడతాం” అన్నాను.

“నీకు ప్రతిదానికీ అనుమానమేనమ్మా. చదువుకున్నవాళ్లకు సందేహమేంది?” అన్నాడు. అది ఆయన ఊతపదం. మనిషి చదువుకున్న కొద్దీ సందేహం పెరుగుతుందని నేననుకునేదాన్ని. ఆయన దృష్టిలో అదొక వ్యాధి, డిగ్రీ చేతికి రాగానే నయమైపోవాలి.

మరి జనం ఎందుకు పోయేవాళ్లు ఆయన వెంట? గొంతు. అంత మంచి గొంతు నేను ఇంకే మాస్టారుకూ వినలేదు. “తినదగినది” అని ఆయన అంటే, కడుపులో ఉన్న భయం కరిగిపోయేది. భయం పోగొట్టేవాడికి జనం ఎప్పుడూ శాలువా కప్పుతారు. భయపడమని చెప్పేవాళ్లకు టీ కూడా పోయరు, నాకు తెలుసు.

అట్లాంటి మనిషిని మా పల్లె చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు శిక్షణకు పిలిచారు. ఆయన వచ్చి, తెర కట్టి, పుస్తకాలిచ్చి, సర్టిఫికెట్లిచ్చి పోయాడు. మా అత్త తన సర్టిఫికెట్‌ను గోడ మీద సిలువ పక్కనే తగిలించింది. ఆయన ఆ ఆడవాళ్లకు నేర్పిన ముఖ్యమైన పాఠం, శుభ్రత. అడుగు కోసి, కడిగి, తుడిచి తీసుకురావాలి. అప్పుడే గుర్తించడానికి వీలవుతుందట.

ఆ ఏడాది ప్రథమ ఫలాల పండుగకు ముందు ముసురు పట్టింది. పండుగంటే మా దగ్గర పండినదాంట్లో మొదటిది తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. జొన్న కంకులు, చెనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, గుడ్లు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అక్కడే వేలం పాడతారు. పాడి గెలుచుకున్నది ఇంటికి తీసుకుపోయి అందరూ కలిసి తింటే ఆశీర్వాదం. దాన్ని పారేయడమన్నది ఎవరూ ఊహించరు. ఆ ఆదివారం ముఖ్య అతిథిగా సారును పిలిచారు. నేనూ కడప నుంచి పోయాను.

బల్ల మీద, అరటాకు పరిచిన వెదురు తట్టలో, కుప్పగా తెల్లటి పుట్టగొడుగులున్నాయి. కడిగి, తుడిచి, అడుగులు సమానంగా కోసి, పెళ్లికి పేర్చినట్టు పేర్చారు. సారు అప్పటికే ఒకదాన్ని ఎత్తి, కళ్లు మూసి, తీర్పు చెప్పేశాడట. “తినదగినది. మొదటి రకం.”

నేనొకటి తిప్పి చూశాను. కాడకు ఉంగరం ఉంది. రేకులు పైపైకి తెల్లగా ఉన్నాయి గానీ ముదిరినవాటిలో పాచి రంగు తగులుతోంది. దాన్ని తట్టలో పెట్టేశాను. అత్తను పక్కకు పిలిచాను.

“అత్తా, వీటి అడుగులేవి?”

“కోసి పారేస్తిమి. సారు జెప్పినట్లే చేసినాం పాపా. దేవుని ముందర మన్ను పెడ్తామా?”

“యాడ పెరికినారు?”

“బండల పాలిష్ ఫ్యాక్టరీ ఎనక. రాతి బురద పోస్తారే, ఆ గుట్ట పక్కన గడ్డిలో శానా ఉండాయి. ఇంగా మిగిలుండాయి, కావాల్నా?”

“పుట్ట ఉండాదా ఆడ?”

“ఆ బురదలో పుట్ట యాడుంటాది?”

నేను నేరుగా సారు దగ్గరకు పోయాను. ఆయన శాలువా కప్పుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. వంగి, ఎవరికీ వినబడకుండా, ఉంగరం సంగతి, రేకుల రంగు, గడ్డిలో మొలిచిన సంగతి చెప్పాను. “సార్, రేపటిదాకా ఆపమని మీరొక్క మాట చెప్పండి. పొడి చూసి తేలుస్తాను. ఇవి తింటే పెద్దవాళ్లకు వాంతులు, విరేచనాలతో పోతుందేమో, పిల్లలకు ప్రాణం మీదికొస్తుంది” అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. ఎదురుగా ఉన్న సిలువ వైపు చూస్తూ, “చెప్పేశానమ్మా. చెప్పినదాన్ని ఎట్లా మార్చేది? జనం ఏమనుకుంటారు?” అన్నాడు.

వేలం మొదలైంది. ఆ తట్టను మా మామ పాడుకున్నాడు. మామ ఫ్యాక్టరీలో బండలు మోసే మనిషి. సారును ఆ మధ్యాహ్నం భోజనానికి పిలుచుకున్నది కూడా ఆయనే. అతిథి మెచ్చిన వస్తువును పోటీపడి గెలుచుకున్నందుకు మామ మొహం వెలిగిపోతోంది. ఇంటికి పోయే దారంతా ఆయన వెనకాల పడి చెప్పాను, వండొద్దని. ఇంట్లో అత్త వెనకాల పడి చెప్పాను. గట్టిగా చెప్పాను, అరిచి చెప్పాను, చేతులు పట్టుకుని చెప్పాను.

“దేవుని ముందర పెట్టింది, అయ్యగారు ప్రార్థన చేసింది, సారు చూసి జెప్పింది. ఇంగ నీదేందే మధ్యలో?” అంది అత్త, ఉల్లిగడ్డలు తరుగుతూ.

“ఊరందరి ముందర పాడినా పాపా. ఇప్పుడు పారబోస్తే ఏమనుకుంటారు?” అన్నాడు మామ.

“రేపటిదాకా ఆగండి మామా. ఒక్క రోజు.”

“రేపటికి పురుగులు పడతాయి. నీకు తెలీదా?”

నాకు తెలుసు. నాకు తెలిసినవన్నీ ఆ ఇంట్లో పనికిరానివయ్యాయి. నేను వాళ్ల ఒళ్లో పెరిగిన పిల్లను, నా ముక్కు తుడిచినవాళ్ల కంటికి నా చదువు ఏం ఆనుతుంది? ఒక ముదురు గొడుగును మాత్రం తట్టలోంచి తీసి, లోపలి గదిలో తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూశాను. అది జవాబు చెప్పేది మర్నాడు. కూర ఇప్పుడే ఉడుకుతోంది. ఎండుకొబ్బరి, మసాలా వేసి అత్త మాంసం కూర వండినట్టే వండింది. వాసనకు పిల్లలు వంటింటి గడప వదల్లేదు. మామ కొడుకు పిల్లలు, కూతురు పిల్లలు, అందరూ పండుగకు వచ్చి ఉన్నారు.

వసారాలో నాపరాళ్ల మీద చాపలు పరిచారు. సారు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురు వరుసలో పిల్లలు. సంగటి ముద్దలు పడ్డాయి, కోడి కూర పడింది, పక్కన పుట్టగొడుగుల కూర పడింది. మా ఇళ్లల్లో అతిథి ముందు ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. పిల్లలకైనా అదే మాట. చేతులు ఒళ్లో పెట్టుకుని అందరూ ఆయన వైపు చూస్తున్నారు.

నేను ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

“సార్, మీరు తింటేనే వీళ్లు తింటారు. మీకు నమ్మకముంటే తినండి. లేదంటే తెలియదని చెప్పండి. అదుగో, ఆ చివర కూర్చున్న పిల్లకు ఇంకా పాలపళ్లు కూడా ఊడలేదు.”

“పాపా!” అని మామ గద్దించాడు. “ఇంటికొచ్చిన మనిషితో అట్ల మాట్లాడ్తారా?”

సారు నవ్వాడు. సంగటి విరిచాడు. కోడి కూరలో అద్దుకున్నాడు. తిన్నాడు. మళ్లీ కోడి కూరలోనే అద్దుకున్నాడు. పుట్టగొడుగులను మధ్యవేలితో మెల్లగా కంచం అంచుకు తోశాడు. అది నేను చూశాను. అత్త కూడా చూసింది. చెంచాతో ఇంకొంచెం వడ్డించబోయి ఆగింది.

“సారూ, పుట్టగొడుగులు ముట్టనే లేదే?”

“నాకు డాక్టరు వద్దన్నాడమ్మా. గ్యాసు.”

“ఒక్క ముక్క తింటే ఏమైతాది సారూ? మీరు మెచ్చినవే గదా.”

“వద్దమ్మా. పడదు.”

పిల్లల్లో ఒకడు కంచంలోకి చెయ్యి పోనిచ్చాడు. అత్త ఆ చేతిని పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

సారు గబగబా నాలుగు ముద్దలు మింగి, బస్సుకు టైమైందని లేచాడు. మామ బండి తాళాలు వెతుక్కుంటూ బయటికి నడిచాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతున్న సారును అత్త గడప దగ్గర అడ్డగించింది. ఆ పిల్లవాడి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“సారూ, పోయేముందర ఒక్క మాట జెప్పి పోండి. పిల్లోళ్లకు పెట్టొచ్చునా?”

ఆయన శాలువా సర్దుకున్నాడు. ఆమెను చూడలేదు, పిల్లలను చూడలేదు.

“మీ ఇష్టమమ్మా” అన్నాడు.

బండెక్కి వెళ్లిపోయాడు.

అత్త వసారాలోకి తిరిగొచ్చింది. కంచాలన్నిటిలోని కూరను గిన్నెలోకి దులిపింది. కొడుకును పిలిచి దొడ్లో గుంత తవ్వించింది. గిన్నెతో సహా బోర్లించి, కోళ్లు గీకకుండా పైన బండ పెట్టించింది. నేను అన్నిసార్లు గొంతు చించుకున్నది ఎవరికీ ఎక్కలేదు, ఆయన తినకపోవడం ఎక్కింది. ఆయన ఇచ్చిన శిక్షణలన్నిటిలో మనుషులకు పనికొచ్చింది అదొక్కటే, అది కూడా ఇవ్వాలని ఇచ్చింది కాదు.

పొద్దున గిన్నె ఎత్తి చూశాను. కాగితం మీద ఆకుపచ్చ పొడి గీతలు గీతలుగా పడి ఉంది. ఇంక అనుమానం లేదు. అత్తను పిలిచాను. చిన్న మనవరాలు భుజం మీద నిద్రపోతుండగానే వచ్చి, వంగి చూసింది. ఆ రంగు అర్థమేమిటో చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూలబడి, పిల్లను ఒళ్లోకి దించుకుని, కాళ్లూ చేతులూ తడిమి చూసుకుంది.

“కూర పారబోయించినానని రాత్రంతా దేవునికి క్షమాపణ చెప్పుకుంటి” అంది. ఆ వెంటనే ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో అంది. “తెలీదు అని ఒక్క మాట అనుంటే ఆయప్పకు ఏం పోయేదే? తను తినడానికి భయపడినాడు గదా, మరి నా పిల్లోళ్లు తింటారని భయపడలేదేందే?”